కారుకు పోసిన కల్లు

మొన్న కరీంనగర్ బైపాస్ మీద పోతుంటే నా కారులో ఎర్ర దీపం వెలిగింది. ఇంజను వేడెక్కిందని దాని అర్థం. బండి పక్కకు ఆపి, చల్లారేదాకా ఆగి, మూత తీసి నా దగ్గరున్న నీళ్ల సీసా పోసి, మెల్లగా సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోయాను. అక్కడ టై కట్టుకున్న ఒక పెద్దమనిషి ఏం పోశారని అడిగాడు. నీళ్లన్నాను.

"మామూలు నీళ్లా? మేడం, చదువుకున్నోళ్లు మీరే గిట్ల చేస్తే ఎట్ల? కూలెంట్ తప్ప ఒక్క చుక్క వేరేది పడొద్దు."

నాకు నవ్వు ఆగలేదు. ఆయనకు కోపం వచ్చింది. కోపం రాక ఏం చేస్తుంది, తప్పు చేసి నవ్వుతున్నానాయె. కానీ మా ఇంటి మొదటి కారు రేడియేటర్‌లో ఏం పోశామో చెబితే ఆయన నన్ను గేటు లోపలికే రానిచ్చేవాడు కాదు. రెండు గంటలు పడుతుందని చల్లటి గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. నాకేమో ముక్కు నిండా పసుపు, మల్లెపూలు, ఉడికిన కల్లు కలిసిన వాసన.

మేం పెద్దపల్లిలో ఉండేవాళ్లం. బాపు, అంటే మా నాన్న, సర్కారు దవాఖానలో కంపౌండర్. డాక్టరు వారానికి రెండు రోజులే వచ్చేవాడు కాబట్టి మిగిలిన రోజులు డాక్టరు కూడా బాపే. ఎవరో రిటైరైన పెద్దమనిషి నిర్మల్‌లో కారు అమ్ముతున్నాడని తెలిసి, పోయి కొనుక్కొచ్చాడు. కొన్నాడు అనడం కంటే ఆసుపత్రిలో చేర్చుకున్నాడు అనడం సరి. బండి ఆగితే బానెట్ ఎత్తేవాడు కాదు. ముందు దాని మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. "జరం ఉన్నది" అనేవాడు. పొద్దున స్టార్ట్ కాకపోతే "నీరసం". పొగ వస్తే "దగ్గు".

మందులు కూడా మా వంటింట్లోవే. పెట్రోల్ ట్యాంకు కారితే బట్టల సబ్బు ముక్క తడిపి చిల్లికి అద్దేవాడు. నిజంగానే ఆగేది. ఫ్యూజు పోతే చాక్లెట్ చుట్టిన వెండి కాగితం మడిచి పెట్టేవాడు. దానికోసం చాక్లెట్ నేను తినాల్సి వచ్చేది కాబట్టి, ఫ్యూజులు పోవాలని రోజూ ప్రార్థనలో అడిగేదాన్ని. రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు. పసుపు పోయి సందుల్లో ఇరుక్కుంటే కారడం తగ్గేది. అవ్వ, అంటే మా అమ్మ, కూరలోకి పసుపు వెతికి, డబ్బా ఖాళీగా ఉంటే బయటికి వచ్చి కారును తిట్టేది.

బ్యాటరీ ఎప్పుడూ చచ్చే ఉండేది. పెద్దపల్లి అరచెయ్యిలాగా చదును, ఎక్కడా దిగుడు లేదు. బాపు రెండు బండ్ల మొరం మట్టి తెప్పించి వాకిట్లో ఎత్తుగా గడ్డ పోయించాడు. రాత్రి కారును అందరం కలిసి గడ్డ మీదికి తోసేవాళ్లం, పొద్దున అది జారుతూ స్టార్ట్ అయ్యేది. మా ఇంటికి చుట్టాలొస్తే ముందు కారు తోసి తరువాత చాయ్ తాగాలి. హారను ఒకటి మాత్రం ఏ మందుకూ లొంగలేదు. స్టీరింగ్ ఎడమకు తిప్పితే చాలు, దానంతట అదే మోగేది.

ఇక తాత సంగతి. అవ్వను కన్న తండ్రి. మా చర్చిలో సంఘ పెద్ద. కల్లు అంటే ఆయనకు పామును చూసినట్టు. ఆదివారం పొద్దున చర్చి తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లందరికీ "వందనాలు" అని చేతులు కలిపేవాడు. మర్యాద అనుకునేరు. మొహం దగ్గరికి తెచ్చి వాసన చూడడానికి. జనం జామాకు నమిలి వచ్చేవాళ్లు, అప్పుడు జామాకు వాసన వచ్చినవాళ్లను పట్టుకునేవాడు. దొరికినవాడికి మూడు నెలలు ప్రభువు బల్ల లేదు, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. ఆ మూడు నెలలు కూర్చోవాల్సింది ఆఖరి బెంచీలో. తాగలేదు, తాగినవాళ్ల పక్కన ఉన్నానంతే అని ఎవరైనా మొత్తుకున్నా వినేవాడు కాదు. "ముట్టినా తాగినట్టే" అని ఒక రూలు కూడా పెట్టాడు.

ఆ ఎండాకాలం మా చిన్నమ్మ పెండ్లి పెట్టుకున్నాం. చిన్నమ్మ అంటే అవ్వ చెల్లెలు, తాతకు ఆఖరి బిడ్డ. పిల్లగాడిది చెన్నూరు, దుబాయిలో పని. మాటలు కుదిరి రెండేళ్లయింది, అప్పటినుంచీ సెలవు దొరక్క రాలేదు. చివరికి నెల సెలవు మీద వచ్చాడు. వచ్చాక వాళ్లింట్లో ఎవరో పోయి, పెండ్లి వెనక్కి జరిగి జరిగి, సెలవు ఇక నాలుగు రోజులే ఉందనగా ముహూర్తం నిలిచింది. చెన్నూరు చర్చిలో పొద్దున పదకొండు గంటలకు. అక్కడి పాస్టరు అయ్యగారు ముందే చెప్పి పెట్టాడు, పదకొండున్నరకల్లా తను ఇంకో ఊరి పెండ్లికి బయలుదేరాలని, మళ్లీ వారం దాకా రానని. ఆ గంట దాటితే మళ్లీ రెండేళ్లు. చిన్నమ్మ ఇంకో రెండేళ్లు ఆగలేదని ఇంట్లో అందరికీ తెలుసు. తాతకు అందరికంటే ఎక్కువ తెలుసు, ఎందుకంటే రెండేళ్లుగా ఆమె దుబాయికి రాసిన ఉత్తరాలు పోస్టు డబ్బాలో వేసింది ఆయనే.

చుట్టాలు ముందు రోజే బస్సులో పోయారు. పెండ్లిపిల్ల కారులో రావాలని పిల్లగాడి తరఫువాళ్లు అడిగారట. బాపు ఛాతీ ఉబ్బించి "మన కారున్నది గదా" అన్నాడు.

"నా బిడ్డె నడిచి పోయినా సరే, నీ డబ్బాల రాదు" అన్నాడు తాత.

"మామా, నిన్ననే పసుపు పోసిన. ఫికర్ జెయ్యకుండ్రి."

అవ్వ అలిగి రెండు పూటలు అన్నం తినకపోతే తాత దిగొచ్చాడు. పొద్దున ఆరింటికి బయలుదేరాం. ముందు బాపు, తాత. వెనక నేను, అవ్వ, మధ్యలో తెల్ల పట్టుచీరలో చిన్నమ్మ. డిక్కీలో సర్వపిండి డబ్బా, మామిడిపండ్ల గంప, బట్టల సబ్బు, నీళ్ల క్యాను. గోదావరి వంతెన దాకా రెండుసార్లే ఆగింది. రెండుసార్లూ అవ్వ పట్టుచీర దోపుకొని తోసింది. తోస్తూ తోస్తూ వాళ్ల నాయిన వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

రెండోసారి ఆగినప్పుడు నేను డిక్కీలోంచి రసాల మామిడిపండు ఒకటి దొంగిలించి తిన్నాను. రసం మోచేతుల దాకా, కొత్త గౌను మీదికి కారింది. అవ్వ చూస్తే వీపు చింతపండే. అందుకని క్యానులో నీళ్లతో గౌను కడుక్కున్నాను. మామిడి రసం అంత సులువుగా పోతుందా. క్యాను మొత్తం అయిపోయింది.

మంచిర్యాల దాటి చెన్నూరు దోవ పట్టాక, అటూ ఇటూ టేకు అడవి, ఊరనేది కనబడని చోట, కారు ముందు నుంచి తెల్లగా ఆవిరి లేచింది. బాపు ఆపి బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కాలి, తీసేశాడు. ఊరందరికీ ఓపిక పట్టండని చెప్పే మనిషి, ఆ రోజు ఓపిక పట్టలేక రేడియేటర్ మూత తిప్పాడు. పచ్చటి పసుపు నీళ్లు బుస్సున లేచి ఆయన తెల్ల చొక్కా మీద, మొహం మీద పడ్డాయి. నలుగు పెట్టిన పెండ్లికొడుకులా నిలబడ్డాడు. అదృష్టం, కళ్లలో పడలేదు.

"ఏం గాలే, ఏం గాలే. క్యాను తేపో బిడ్డా" అన్నాడు.

నేను ఖాళీ క్యాను తెచ్చి ఇచ్చాను. బాపు ఊపి చూశాడు.

"నీళ్లేమైనయే?"

"కారినయి కావచ్చు బాపూ."

ఆ కారులో కారనిదంటూ ఏదీ లేదు కాబట్టి బాపు నమ్మాడు. అప్పటికి పది దాటింది. వాగు ఉంది, వాగులో ఇసక ఉంది, నీళ్లు లేవు. కాసేపటికి ఒక బొగ్గు లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దగ్గర తాగడానికి ఉంచుకున్న ఒక్క సీసా నీళ్లు ఇచ్చాడు. కారు వాటిని మింగి ఇంకా కావాలన్నట్టు బుసకొట్టింది. పెండ్లిపిల్లను లారీలో ఎక్కించుకుంటానని కూడా అన్నాడు ఆ మంచివాడు. చిన్నమ్మ లారీని చూసి, తన తెల్ల చీర చూసుకొని ఏడుపు మొదలుపెట్టింది. మసి అంటని చోటు ఆ లారీలో డ్రైవరు పళ్లు మాత్రమే. ఏడుస్తూ ఏడుస్తూనే "ఎక్కుత నాయినా, ఏదైతే గదాయె" అంది. ఆ మాటకు తాత మొహం ఎట్లా అయిందో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. లారీ వెనక ముగ్గురు మనుషులు మూటల్లా కూర్చొని ఉన్నారు, క్యాబిన్‌లో ఇద్దరు. ఎక్కితే బొగ్గు మీదే కూర్చోవాలి. తాత వద్దని తల ఊపి, క్యాను తీసుకొని, నా చెయ్యి పట్టుకొని దూరంగా కనిపిస్తున్న తాటిచెట్ల వైపు నడిచాడు. చెట్లున్న చోట మనుషులు, మనుషులున్న చోట నీళ్లు ఉంటాయని ఆయన లెక్క.

మనిషి ఉన్నాడు. నీళ్లు లేవు. అప్పుడే చెట్టు దిగిన, కల్లు గీసే గౌండ్లాయన, పక్కన కల్లు నిండిన లొట్లు. మట్టి లొట్ల మూతుల దగ్గర తెల్లటి నురగ, దాని మీద ఈగలు.

"బాయి ఎక్కడున్నది?" అని తాత అడిగాడు.

"ఎండిపాయె పెద్దయ్యా. నీళ్లు గావాలంటే రెండు మైళ్లు."

తాత గడియారం చూసుకున్నాడు. లొట్ల వైపు చూశాడు. మళ్లీ గడియారం చూసుకున్నాడు. గొంతు సవరించుకొని, చుట్టూ అడవిలో ఎవరూ లేరని తెలిసి కూడా చుట్టూ చూసి, "రెండు లొట్లు ఇయ్యి" అన్నాడు.

"రెండా? ఉన్నది ఇద్దరు. అండ్ల ఒకరు చిన్న పోరి."

"తాగెటానికి గాదు. కారుకు."

"అందరు గట్లనే అంటరు పెద్దయ్యా. ఒకాయన మోకాళ్లకు రాసుకుంట అంటడు. ఒకాయన బర్రెకంటడు. నువ్వు కారంటున్నవ్."

తాత ఎవరినీ బతిమాలడం నేను అంతకు ముందు చూడలేదు. చెప్పాడు. బిడ్డ పెండ్లి అని, పదకొండు గంటలని, రెండేళ్లని, బండి ఆగిందని. గౌండ్లాయన తలపాగ తీసి చెమట తుడుచుకున్నాడు.

"అయితే తీస్కపో. ఆడివిల్ల పెండ్లి ఆపుతనా. గని గిది గియ్యాల్టి తొలి లొట్టి. తొలి కల్లు ముందుగాల మనిషి నోట్లె పడాలె. సక్కగ ఇనుముల పోస్తే చెట్టు అలుగుతది. రేపటి సంది సుక్క ఇయ్యది."

"నువ్వే తాగు."

"దించినోడు తొలి దొప్ప తాగడు. మా తాతల కాలం నుంచి లేదు. నువ్వు తాగు, లేకుంటె గీ పోరికి పోస్త."

"నేను తాగ. నలభై ఏండ్లాయె ముట్టక."

"అయితె తాగకు." ఆయన లొట్టి మీద ఆకు కప్పేశాడు. కోపం లేదు, పంతం లేదు. చెట్టు సంగతి చెట్టుదే అన్నట్టు నిలబడ్డాడు.

తాత నా వైపు చూశాడు. రోడ్డు వైపు చూశాడు. "పొయ్యి" అన్నాడు.

గౌండ్లాయన తాటాకు దొప్ప మడిచి నిండా పోశాడు. తాత రెండు చేతులా పట్టుకున్నాడు. పట్టుకొని కళ్లు మూసుకున్నాడు. మా తాత గుక్కెడు చాయ్ కూడా ప్రార్థన చేయకుండా తాగడు. అలవాటు ఎక్కడికి పోతుంది? దయచేసిన ఆహారం కోసం దేవునికి స్తోత్రాలు చెల్లించి, ఆమెన్ అన్నాడు. గౌండ్లాయన కూడా చెట్టుకేదో మొక్కుతున్నాడనుకొని చేతులు జోడించాడు. అప్పుడు తాత దొప్ప ఎత్తి గటగటా తాగేశాడు.

మీసాల మీద నురగ. అది తుడుచుకోకుండానే దొప్ప ముందుకు చాపి, "ఇంకొకటి పొయ్యి" అన్నాడు.

షరతు ఒక్క దొప్పకే. నేను నోరు తెరుచుకొని చూస్తున్నాను. రెండోది ఆయన తొందరపడకుండా తాగాడు.

"తియ్యగున్నదా తాతా?"

"నడువు" అన్నాడు. తోవలో వేపాకు తెంపి నమిలాడు. ఇన్నేళ్లు జనాన్ని పట్టుకొని పట్టుకొని ఆయనకు ఏ ఆకు బాగా పనిచేస్తుందో తెలిసిపోయింది.

సంఘ పెద్ద ఒక లొట్టి, గౌండ్లాయన ఒక లొట్టి భుజాన పెట్టుకొని వస్తుంటే, కారు దగ్గర బాపు నమ్మలేక కళ్లు నులుముకున్నాడు.

"మామా, గిది కల్లు!"

"నీళ్లు దొర్కలే. పొయ్యి."

"సంఘమంత వాసన పడుతది నాయినా" అంది అవ్వ.

"పట్టనీ."

ఈ లోపల ఇంజను చల్లారింది. బాపు మెల్లమెల్లగా పోశాడు. నురగ పొంగింది, ఆగి మళ్లీ పోశాడు. గౌండ్లాయన తోశాడు, అవ్వ తోసింది, తాత తోశాడు, కారు స్టార్ట్ అయింది. చెబితే నమ్మరు, అది ఎన్నడూ అంత బాగా నడవలేదు. "గ్లూకోజు ఎక్కింది" అన్నాడు బాపు. అప్పుడు పోసినదాని వాసన మాత్రం అద్దాలన్నీ దించినా పోలేదు. చద్దన్నం గంజిలో పసుపు వేసి ఉడికించినట్టు. చిన్నమ్మ మల్లెపూలు ముక్కు దగ్గర పెట్టుకుంది. తాత దారంతా నోరు విప్పలేదు. అందరూ బాధ అనుకున్నారు.

చెన్నూరు చర్చి గేటు ఎడమ చేతి వైపు. బాపు ఎడమకు తిప్పగానే హారను అందుకుంది. పదకొండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. అయ్యగారు సంచీ భుజాన వేసుకొని ఎవరిదో స్కూటరు వెనక ఎక్కబోతున్నాడు. కారు ఆయన ముందు ఆగి, బానెట్ సందుల్లోంచి పచ్చటి నురగ కక్కింది. చర్చి ముందున్న నూరు మంది ఒక్కసారి ముక్కులు ఎగబీల్చారు. సంఘంలో ఒక్కరికి కూడా ఆ వాసన ఏమిటని అడగాల్సిన అవసరం రాలేదు, అదొక విచిత్రం.

తాత దిగాడు. "వందనాలు అయ్యగారూ. కారుకు కల్లు పోసినం. నా చేతులతోని మోసుకొచ్చిన. ఏమన్న అడుగుతె తర్వాత అడుగుండ్రి. ముందు పెండ్లి చెయ్యుండ్రి."

చేశారు. స్కూటరాయన హారను కొడుతుండగా చేశారు. తరువాత బగారన్నం, మటన్ కూర, పచ్చి పులుసు. పెండ్లికొడుకు చిన్నమ్మ చెవిలో ఒక మాట చెప్పాడట. "దుబాయిల రెండేండ్లు గీ వాసన యాది జేస్కుంట పండుకున్న" అని. చిన్నమ్మ ఆ మాట తాతకు చెప్పే ధైర్యం ఎన్నడూ చేయలేదు.

మరుసటి ఆదివారం మా చర్చిలో తాత ఎవరూ చెప్పకుండానే ఆఖరి బెంచీలో పోయి కూర్చున్నాడు. ముట్టినా తాగినట్టే అన్న రూలు ఆయనదే కదా. సంఘం కరిగిపోయింది. ముట్టినందుకే మూడు నెలలు! బిడ్డ కోసం మోసినందుకు తనకు తానే శిక్ష! మా అయ్యగారు ఆయన మీద ప్రసంగం చేశాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఒక్కొక్క పొగడ్తకు తాత బెంచీలో ఇంకొంచెం కిందికి జారేవాడు. నేను ముందు అవ్వ దగ్గర కూర్చోకుండా ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఇంకో పక్కన ఒక మేస్త్రి. అంతకు ముందు ఆదివారం తాతే పట్టుకొని, ఈ ఆదివారం నుంచి ఆయనకు మూడు నెలలు వేశాడు. తాగినవాళ్లతో కలిసి గోడ కట్టాను, వాసన నాది కాదు అని ఆయన మూడుసార్లు చెప్పాడు, తాత వినలేదు. మొదట్లో ఇద్దరూ మాట్లాడుకోలేదు. తరువాత ఒకే పాటల పుస్తకంలో చూసి పాడడం మొదలుపెట్టారు.

మూడు నెలలు నిండిన ఆదివారం అయ్యగారు తాతను ముందుకు పిలిచాడు. తాత లేచి నిలబడ్డాడు. ముందుకు పోలేదు.

"అయ్యగారూ, నేను ముట్టుడే గాదు, తాగిన. రెండు దొప్పలు. మొదటిది నా బిడ్డె పెండ్లి కోసం తాగిన. రెండోది నా కోసం తాగిన."

ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సూసిండ్రా, తగ్గించుకునుడంటే గిది. లేని పాపం గూడ మీదేసుకుంటుండు."

"గీ పోరి సూసింది. అడుగుండ్రి" అన్నాడు తాత, గొంతు పెంచి.

అందరూ నా వైపు తిరిగారు. అవ్వ కళ్లతోనే నన్ను మింగేస్తోంది. కానీ తాత చెయ్యి నా భుజం మీద ఉంది.

"తాగిండు. ప్రార్థన చేసి మరీ తాగిండు" అన్నాను.

ఇంక చర్చి అంతా విరగబడి నవ్వింది. అయ్యగారు కూడా నవ్వి, పాట ఎత్తుకున్నాడు. తాత నిలబడ్డవాడు నిలబడ్డట్టే బెంచీలో కూలబడ్డాడు. ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. జనం ప్రభువు బల్ల దగ్గరికి వరుసగా పోతున్నారు. తాత మెల్లగా మేస్త్రి వైపు తిరిగాడు.

"నువ్వు తాగలే అంటివి గదా. నిజమేనా?"

"నిజమే పెద్దయ్యా."

"మూడుసార్లు జెప్పినవ్. నేను నమ్మకపోతి. ఇంక ఎంతమందిని నమ్మకపోతినో."

మేస్త్రి లేచి చెయ్యి చాపాడు. తాత ఆ చెయ్యి పట్టుకొని లేచాడు. ఇద్దరూ కలిసి ముందుకు పోయి పక్కపక్కన మోకరించారు. ముందు మేస్త్రికి ఇయ్యండని తాత అయ్యగారికి చెప్పడం నాకు వెనక దాకా వినిపించింది.

తాత పోయి చాలా ఏళ్లయింది. కల్లు ముట్టినందుకే మూడు నెలలు వెనక కూర్చున్న మహానుభావుడని మా సంఘంలో ఇప్పటికీ ఆయన పేరు చెబుతారు. నేను ఎప్పుడు పెద్దపల్లి పోయినా, కాదు, రెండు దొప్పలు తాగాడని చెబుతాను. ఇప్పటికీ ఎవరూ నమ్మరు.